వాసన లేని ఇల్లు

సూర్యాపేట
శివరాత్రి మరునాడు

కోదాడ మహారాణి, మా ఇంటి చిన్న ఆడబిడ్డ సంతోషికి నీ వదిన సుకన్య రాసేది.

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేసిన దాన్ని నేను. అక్షరాలు వంకర పోతే నువ్వే సరిచేసుకొని చదువుకో. ఫోన్ చేద్దామంటే రెండో మాటకే దగ్గు అందుకుంటావు. పైగా మీ అన్న సుధాకర్ నా పక్కకు జరిగి కూర్చొని ప్రతి మాటకూ తల ఊపుతుంటాడు. ఉత్తరమైతే ఆయన జోలికి రాడు, చదవడానికి బద్ధకం.

ముందు మీ అమ్మ సంగతి. స్నానాలగదిలో జారి పడి తుంటి ఎముక విరిగిందని నీకు తెలుసు. ఈ వయసులో కోత వద్దన్నారు. ఇక అత్తమ్మకు ఆ మంచమే ఊరు, ఆ మంచమే వాడ. తిండి, నీళ్ళు, మిగతావన్నీ అందులోనే, అన్నీ నా చేతుల మీదే. ఇంత చేస్తున్నా గేటు చప్పుడైతే చాలు, ‘సంతోషి వచ్చిందా’ అంటుంది. నేను ఎదురుగా నిలబడి ఉంటాను, నా వెనుక నువ్వున్నావేమోనని మెడ చాపి చూస్తుంది. నాకు మండదా చెప్పు.

నువ్వేమో మొన్న వ్రతానికి వచ్చి, పీట మీద కూర్చోకముందే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వెళ్ళిపోయావు. ఊదుబత్తి పడదట. పౌడర్ పడదట. పక్కన కూర్చున్నావిడ చీరకు పెట్టిన సబ్బు కూడా పడదట. ‘కోదాడ నీళ్ళు తాగితే గింత సుకుమారం వస్తదా’ అని ఆడవాళ్ళు అడిగారు. వస్తుందనే చెప్పాను, కావాలంటే ట్యాంకర్ తెప్పిస్తానన్నాను.

నా మాట విను. ఇది జబ్బు కాదు, నీ బుర్రలో పురుగు. సెంటు ఉందని తెలిస్తే నీకు దగ్గు వస్తుంది, తెలియకపోతే రాదు. కావాలంటే నేను రుజువు చేస్తాను.

మీ అమ్మను వచ్చి చూసిపో. నా అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి, కాగితం ముఖం దగ్గర పెట్టుకొని చదువు.

నీ క్షేమం కోరే, నిన్ను ఏడిపించనిదే తిన్నది అరగని
వదిన


కోదాడ
మంగళవారం

సుకన్య వదినకు,

నీ ఉత్తరం ఇంటికి చేరింది. ఆ పూటే నేను దవాఖానకు చేరాను.

నువ్వు చెప్పినట్టే కాగితం ముఖం దగ్గర పెట్టుకున్నాను. సెంటు కొంచెమే పూశావు, మడత లోపల, ఒక మూలకు. నిజం చెప్పాలంటే నా ముక్కుకు అది తెలియనే లేదు. ముందు గొంతు మూసుకుంది. అదేమిటో తర్వాత తెలిసింది. మా ఆయన ప్రేమ్ కుమార్ పనిలోంచి వచ్చేసరికి గడప మీద పడి ఉన్నానట. రెండు రోజులు ముక్కుకు గొట్టం పెట్టి మందు పొగ పీల్పించారు. నీ రుజువు నీకు దొరికింది, వదినా.

నాకున్నది ఉబ్బసం. ఆమధ్య నాకు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక మిగిలింది. సీసాల్లో, డబ్బాల్లో వచ్చే తయారీ వాసనలు నా గొంతుకు గడియ పెడతాయి. మల్లెపూలు నన్నేమీ చేయవు, మల్లెల బొమ్మ వేసుకొని వచ్చే డబ్బా చేస్తుంది. అందరికీ ఇట్లా అవుతుందని నేననను. నాకు అవుతుంది. ఇంట్లో అన్నీ మానేశాం. మా ఆయన గడ్డం గీసుకున్నాక పటిక రాసుకుంటాడు. బట్టలకు వాసన లేని సబ్బు వెతికి వెతికి తెచ్చుకుంటాం. బస్సెక్కితే పక్కవాళ్ళ చొక్కా వాసనకు దిగిపోవాలి. మా వీధిలో నాకు ‘ముక్కు మేడం’ అని పేరు పెట్టారు. నువ్వు విని ఉంటే ఆ పేరు నేనే పెట్టి ఉండాల్సిందని కుళ్ళుకునేదానివి.

అమ్మకు మాత్రం ఇది చెప్పకు. అమ్మ వాళ్ళ నాయన, మా ఈదయ్య తాత, ఈ ఉబ్బసంతోనే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పుడు పక్కన అమ్మ ఒక్కతే ఉంది. ఇప్పటికీ ఎవరైనా ఆయాసపడితే అమ్మ చెవులు మూసుకోవడం నువ్వూ చూసి ఉంటావు. అదే నాకూ వచ్చిందని తెలిస్తే ఆ మంచంలో ఆమెకు కన్ను మూతపడదు. పనులుండి రావడం లేదని చెప్పు.

అమ్మను చూడాలని నాకు లేదనుకోకు. నేను రావాలంటే ఆ ఇంట్లో వాసన డబ్బా ఒక్కటి కూడా ఉండకూడదు. నీవల్ల అయితే చెప్పు. కాకపోతే నవ్వుకొని వదిలెయ్యి, నాకు అలవాటే.

ఈసారి చేతులు కడుక్కొని రాయి. నీ కాగితాన్ని తీగ మీద ఆరేసి, ఎండ తగిలాక చదువుతాను.

సంతోషి


సూర్యాపేట
ఆదివారం

సంతోషీ,

చేతులు కడుక్కొనే కూర్చున్నాను. సబ్బుతో కాదు, శెనగపిండితో.

నీ ఉత్తరం చదివితే మొదట నీ మీద కోపం వచ్చింది. తర్వాత ఎవరి మీద రావాలో వాళ్ళ మీద వచ్చింది. గోనెసంచి పట్టుకొని ఇల్లంతా తిరిగాను. అంతకు మించిన జవాబు నాకు రాయరాదు.

గులాబీ రంగు ఫినాయిల్, స్నానాలగదిలో వేలాడే బిళ్ళ, బీరువాలో డాంబర్ గోళీలు, బట్టల చివరి నీళ్ళలో పోసే నీలం మందు, గోడకు గుచ్చే దోమల మందు, నా ముఖం క్రీము, అత్తమ్మ పౌడర్ డబ్బా, అన్నీ సంచిలోకి పోయాయి. ఊదుబత్తీలు కూడా. దేవుడికి ఉత్త దీపమే పెడుతున్నాను, ఆయన ఇంతవరకు ఏమీ అనలేదు. అన్నది మీ అన్నే. చంకల కింద కొట్టుకునే సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. ‘చెల్లె కావాల్నా, సంక కావాల్నా’ అని అడిగాను. కాసేపు ఆలోచించాడు చూడు, అందుకు ఆ పూట ఉప్పు లేని పప్పు పోశాను. ఆ సంచిని ఊరి బయట చెత్త బండికి నేనే ఎక్కించి వచ్చాను.

ఇక నవ్వు ఆపు. అసలు సంగతి ఇప్పుడు రాస్తాను.

డబ్బాలన్నీ పోయాక ఇంట్లో ఉన్న వాసన బయటపడింది. మీ అమ్మ నడుము కింద పుండు పడింది. అరచేయంత ఉంది, లోపలికి తిన్నది. నర్సు వచ్చి కట్టు మారుస్తుంది. నేను ఒళ్ళు తుడుస్తాను, దుప్పట్లు ఉడకబెడతాను. తుడిచిన కాసేపటికే మళ్ళీ అంతే. చీము, ఉచ్చ, ఉడికిన చర్మం. ఇన్నాళ్ళూ ఆ వాసన మా ఇంట్లో లేదని అనుకున్నాను. ఉంది. దాని మీద గులాబీ ఫినాయిల్ పోసుకొని బతికాం.

ఎదురింటి సోమమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. ‘ఓ సుకన్యా, అత్తను కడుగుతున్నవా లేదా? గల్లీ దాక వస్తుంది. జర ఏదన్న కొట్టరాదూ’ అంది. నా నోటి గురించి నీకు తెలుసు కదా, అయినా జవాబు చెప్పలేకపోయాను. నీ జబ్బు సంగతి చెబితే అది నేరుగా పోయి మీ అమ్మ చెవిలో వేస్తుంది. కడుగుతూనే ఉన్నాను సంతోషీ. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయింది. ఊరు మాత్రం నన్ను అత్తను కుళ్ళబెట్టే కోడలు అంటోంది.

నువ్వు ఎట్లా వస్తావో చెప్పు, ఇంకేం చేయాలో చెప్పు.

వదిన


కోదాడ
శుక్రవారం

వదినా,

నీ ఉత్తరాన్ని ఆరేయకుండానే చదివాను. కాగితానికి ఏ వాసనా లేదు.

దిండ్లూ పరుపూ రోజూ ఎండలో వెయ్యి, పాత వాసన దూదిలో దాక్కుంటుంది. బట్టలు మామూలు నీళ్ళలో ఇంకో రెండుసార్లు తీయి. డబ్బా మీద సహజం అని రాసి ఉన్నా నమ్మకు. అమ్మను ఒకే పక్కకు పడుకోబెట్టకు, నర్సును అడిగి గాలి పరుపు తెప్పించు.

ఊరు అనే మాటలు నేను పడాల్సినవి. నువ్వు పడుతున్నావు.

డాక్టర్ ఇంకో మాట కూడా అన్నాడు. అది నేను వచ్చినప్పుడు చెబుతాను.

అమ్మ నా గురించి ఏమంటోందో రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

సంతోషి


సూర్యాపేట
ఉగాది ముందు వారం

సంతోషీ,

మిర్యాలగూడ నుంచి మీ అక్క సత్తమ్మ వదిన దిగింది. రైస్ మిల్లు ఇల్లాలు కదా, కారు నిండా సామాను. కాయలు, పండ్లు, వాటితోపాటు ఊదుబత్తీల కట్ట, గదిలో కొట్టే పెద్ద డబ్బా, అమ్మకు పౌడర్. గడపలోనే ముక్కు మూసుకొని నన్ను పై నుంచి కింది దాకా చూసింది. ఆ చూపు నా వీపు మీద ఇంకా ఉంది.

అయితే ఆమె వస్తోందని నాకు ముందే తెలుసు, నీ సంగతి చెబితే అది అత్తమ్మ చెవిన పడుతుందనీ తెలుసు. ఖమ్మం రోడ్డులో వెల్డింగ్ షాపు మంగ్త్యాను అడిగి ఒక ఖాళీ సిలిండర్ తెచ్చి అత్తమ్మ మంచం పక్కన నిలబెట్టాను. దానికి పుర్రె బొమ్మ కూడా ఉంది. ‘ఇది ఆక్సిజన్ వదినా, అగ్గిపుల్ల గీసినా, స్ప్రే కొట్టినా ఇల్లు లేసిపోతదని డాక్టర్ చెప్పిండు’ అన్నాను. మీ అక్క సామానంతా తిరిగి కారులో పెట్టించి, ఉన్నంతసేపూ తలుపు దగ్గరే కూర్చుంది. మీ అన్న పెరట్లోకి పోయి నవ్వుకున్నాడు. పోతూ పోతూ మాత్రం ఆమె నా చెవిలో ఒక మాట అంది. ‘మా అమ్మను గిట్ల ఉంచినందుకు దేవుడు సూస్తుండు.’ నేను నవ్వలేదు.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. మీ అమ్మ ఈ మధ్య నీ పేరు ఎత్తడం లేదు. గేటు చప్పుడైనా మెడ చాపడం లేదు. రెండు మూడు సార్లు ‘మొకానికి జర పౌడర్ ఎయ్యవే’ అని అడిగింది. వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె నన్ను కాసేపు చూసి గోడవైపు తిరిగింది. ఎందుకు వద్దంటున్నావని అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం అల్లేదాన్ని. అడగలేదు. అదే నాకు పరేషాన్‌గా ఉంది.

ఇల్లు మాత్రం తయారైంది. ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యి.

వదిన


కోదాడ
సోమవారం

వదినా,

గురువారం వస్తున్నాను. బస్సు వద్దు, కారు వద్దు, మా ఆయన బైకు మీద. లారీల పొగను తట్టుకుంటాను, లారీ డ్రైవర్ సెంటునే తట్టుకోలేను. విన్నవాళ్ళు నవ్వుతారు, నువ్వూ నవ్వు.

అమ్మకు జొన్నరొట్టె చేసి తెస్తున్నాను, పాలలో నానబెట్టి పెడదాం. నాకు కూడా ఆ మంచం పక్కనే చాప వెయ్యి. నేను వస్తున్నట్టు అమ్మకు చెప్పు. కొన్నాళ్ళు ఉంటానని కూడా చెప్పు.

సంతోషి


సూర్యాపేట
బుధవారం

మిర్యాలగూడలో ఉన్న సంతోషికి,

నీ గొంతులో ఇంకా మాట లేదని సత్తమ్మ వదిన ఫోన్లో చెప్పింది. ఛాతి డాక్టర్ అక్కడే ఉన్నాడు కాబట్టి ఆమె నిన్ను తన ఇంటికి తీసుకుపోవడమే మంచిదైంది. మాట్లాడకు. చదువు.

ఆ గురువారం ఏం జరిగిందో సగం నీకు తెలుసు. మిగతా సగం నేను సోమమ్మను నిలదీసి రాబట్టాను.

నువ్వు వస్తున్నావని ముందు రోజు మీ అమ్మకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పొద్దున నేను మేడ మీద పరుపు ఎండేస్తుంటే కిటికీలోంచి సోమమ్మను పిలిచిందట. ‘నా సిన్నది నా కంపుకే వస్తలేదు. సుకన్య సెప్తలేదు గని నాకెరుకే. ఇయ్యాల వస్తుందంట, నన్ను జర మనిషిని చెయ్యవే సోమమ్మా’ అని ఏడ్చిందట. ఆ మాటకు ఎవరు కాదంటారు? సోమమ్మ ఇంటికి పోయి పౌడర్ డబ్బా, కొడుకు పెళ్ళికి కొన్న సెంటు తెచ్చింది. ముఖానికి, మెడకు, రైకలోకి, కట్టు చుట్టూ, దుప్పటి మీద, ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ పూసింది. పాపం మంచికే.

నేను మెట్లు దిగేసరికి నువ్వు లోపల ఉన్నావు. ఆమె ‘మొకం సూపియ్యి బిడ్డా’ అంటే నీ ముక్కు మీద కట్టుకున్నది విప్పుతున్నావు. గుమ్మంలోనే నాకు వాసన తగిలింది. నేను అరిచేలోపు నువ్వు ఆమె మెడలో తల పెట్టావు. ఆ తర్వాత ఆమెను విడిపించుకొని, వాకిట్లోకి పాకుతూ వెళ్ళావు. నీ పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. ఆ రంగు నేను మనిషి మీద ఎప్పుడూ చూడలేదు.

ఇది మీ అమ్మ వైపు నుంచి ఎట్లా కనిపించిందో ఆలోచించు. నిన్ను ఆటో ఎక్కించి లోపలికి వస్తే, ఆమె దుప్పటి అంచుతో మెడ రుద్దుకుంటోంది. ఎర్రగా కందిపోయేదాకా రుద్దుకుంది. నన్ను చూసి ‘ఇంకా పోలేదా కంపు’ అని అడిగింది.

నేను ఏమీ చెప్పలేదు, నువ్వు వద్దన్నావు కాబట్టి. అప్పటి నుంచి ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. కట్టు మార్చబోతే చేతులు అడ్డం పెడుతోంది. చెప్పమంటావా, వద్దా? ఒక్క మాట రాయి చాలు.

వదిన


మిర్యాలగూడ
ఆదివారం

వదినా,

చెప్పు.

ఒక్క మాట చాలన్నావు, కానీ ఇంకొంచెం రాస్తాను. నిదానంగా చదువు.

నేను ఆ వాసనను గుమ్మంలోనే పట్టాను. వెనక్కి తిరిగి వాకిట్లోకి వెళ్ళి, గదిని గాలికి తెరవమని నిన్ను పిలిచి ఉండొచ్చు. తిరగబోయాను కూడా. అప్పుడు అమ్మను చూశాను. ముఖమంతా తెల్లగా, జుట్టు మొదళ్ళ దాకా పౌడర్, కనుబొమ్మల మీద కూడా. చేతులు రెండూ నా వైపు చాపి ఉన్నాయి. ఆ అలంకరణ ఎవరికోసమో నాకు తెలిసిపోయింది. నేను వెనక్కి తిరిగితే ఆమె ఏమనుకుంటుందో కూడా తెలిసిపోయింది. ఊపిరి బిగబట్టి ఒక్కసారి తల ఆనించి వచ్చేద్దామనుకున్నాను. ఆమె వదల్లేదు. నాకూ వదలాలనిపించలేదు. ఊపిరి తీయక తప్పలేదు.

సోమమ్మను ఏమీ అనకు.

అక్క మారిపోయింది. దవాఖానలో నా పెదాలు చూసిందట. ఇంటికి వచ్చాక మొత్తం డబ్బాలు బయటపడేయించింది, బావ పూసుకునే నూనెతో సహా. రోజూ రాత్రి నా మంచం పక్కనే కింద పడుకుంటుంది. నిన్ను అన్న మాట గురించి ఎత్తితే లేచి వంటింట్లోకి పోతుంది.

డాక్టర్ అన్న మాట వచ్చినప్పుడు చెబుతానన్నాను కదా. ఇట్లాంటిది ఇంకోసారి వస్తే దవాఖాన దాకా చేరకపోవచ్చు అన్నాడు. అది నాకు బయలుదేరేముందే తెలుసు. నీకు రాస్తే రావద్దంటావని రాయలేదు.

అమ్మ దగ్గర దాచడం నా పొరపాటు. ఆమెకు భయం కలగకూడదనుకొని అంతకంటే పెద్ద బాధ పెట్టాను ఆమె నెత్తిన. తాతకు ఉన్నదే నాకూ ఉందని చెప్పు. ఆమె వాసన నాకు ఎప్పుడూ పడకుండా పోలేదని చెప్పు.

సంతోషి


సూర్యాపేట
గురువారం

సంతోషీ,

చెప్పాను.

గది తలుపు వేసి, ఆమె మంచం మీదే కూర్చొని చెప్పాను. అంతా విన్నది. తర్వాత ‘మా నాయన తీర్గనా, గదే ఉబ్బసమా’ అంది. అవునన్నాను. ‘నా కంపుకు కాదా’ అంది. కాదన్నాను. ఆమె ముఖం కొంచెం విచ్చుకుంది, నేను నా కళ్ళతో చూశాను. నీకు అది రాయాలని అక్కడే అనుకున్నాను.

ఆ వెంటనే అడిగింది. ‘మరి ఆ దినం నా పౌడర్‌కేనా దానికి పానం మీదికి వచ్చింది?’

నా బతుకంతా అబద్ధాలతోనే నడిపించాను సంతోషీ. మీ అన్నకు, నీకు, మీ అక్కకు, గల్లీ మొత్తానికి. రోడ్డు దుమ్ము వల్ల అని ఒక్కమాట అంటే అయిపోయేది. అది కూడా నాకు తట్టింది. నోరు తెరిచాను, రాలేదు. నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది.

‘నన్ను కడుగు’ అంది. వేడినీళ్ళు, శెనగపిండి పెట్టి తల నుంచి పాదాల దాకా కడిగాను. అడ్డం చెప్పలేదు, పుండు తగిలినా మూలగలేదు. తర్వాత గంజి పట్టిస్తే పెదాల పక్క నుంచి వదిలేసింది. ఆ తర్వాత పూటా అంతే. నర్సు సెలైన్ పెడితే సూది లాగేసుకుంది. నీళ్ళు మాత్రం చెంచాతో తాగుతోంది, అది కూడా నేను తిడితేనే.

నువ్వు తినమంటున్నావని చెప్పాను. ‘దాని గొంతు పట్టిన నోటికి ఇంక బువ్వెందుకు’ అంది. దానికి జవాబు నీ దగ్గర ఉంటే తొందరగా పంపు.

వదిన


మిర్యాలగూడ
శనివారం

వదినా,

ఇది ఆమెకు గట్టిగా చదివి వినిపించు.

అమ్మా, నాకు బాగైంది. మెట్లెక్కుతున్నాను. అక్క నాతో రెండు రొట్టెలు తినిపిస్తోంది. నువ్వు పూసుకున్నది నాకోసం. నేను దగ్గరికి వచ్చింది నీకోసం. ఇందులో నువ్వు చేసిన పాపం ఏమీ లేదు. నువ్వు తినకపోతే నేనూ మందు మానేస్తాను. వచ్చే వారం వస్తాను, నీ పక్కనే పడుకుంటాను.

వదినా, నీకు మాత్రం: మెట్లు ఎక్కడం లేదు. కూర్చొనే నిద్రపోతున్నాను. కానీ పిలిచిన రోజు వస్తాను, డాక్టర్ ఏమన్నా సరే.

సంతోషి


సూర్యాపేట
ఇయ్యాల, పొద్దెక్కాక

సంతోషీ,

మీ అమ్మ వెంకటమ్మ తెల్లవారుతుండగా పోయింది. ఫోన్ సత్తమ్మ వదినకు చేశాను. నీకు ఇవ్వొద్దన్నాను, ఏడుస్తూ మాట్లాడితే దమ్ము పోతుంది. ఈ కాగితం మీ అన్న తెస్తున్నాడు. మెల్లగా చదివి ఆయన తెచ్చిన ఆటోలోనే రా. ఆటోలో వేలాడే సెంటు బిళ్ళ పీకించాను. డ్రైవర్ ధర్మాతో మా పెరట్లో స్నానం చేయించి, మీ అన్న చొక్కా తొడిగించి పంపుతున్నాను. ఆ చొక్కా అతనికి పొట్టి, నవ్వకు.

నీ ఉత్తరం ఆమెకు చదివాను. రెండుసార్లు చదివించుకుంది. గంజి తాగలేదు కానీ నిన్న సాయంత్రం మీ అన్నను, నన్ను, సోమమ్మను పిలిచింది. గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంది. ‘నేను పోయినంక నా మీద ఒక్క సుక్క సెంటు పడొద్దు. ఊదుబత్తి ముట్టియ్యొద్దు. కంపు కొడితే కొట్టనియ్యి. నా సిన్నది రావాలె’ అంది. మీ అన్న చేత ఒట్టు వేయించుకుంది. నా చేత వేయించుకోలేదు, నన్ను చూసి ఊరికే తల ఊపింది.

పొద్దున్నుంచి నేను గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాను. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలోనూ ఊదుబత్తీలు, సెంటు సీసా ఉంటున్నాయి. అన్నీ గట్టి మూత ఉన్న డబ్బాలో వేయించి సోమమ్మ ఇంటికి పంపుతున్నాను. పౌడర్ పూసుకున్నవాళ్ళను రోడ్డు అవతలే నిలబెట్టాను. కులపెద్ద వచ్చి గొడవ పెట్టాడు. ‘శవానికి సెంటు కొట్టకుండ ఎట్ల లేపుతరు? మా ఇండ్లల్ల గిట్ల లేదు’ అన్నాడు. ‘మీ ఇంట్ల పీనుగకు కొట్టుకో మామా, గీమె నా అత్త’ అన్నాను. చాలామంది ముందు అన్నాను. ఇంక ఈ ఊళ్ళో నాకు మంచి పేరు రాదు. సోమమ్మ తల అంటుకొని, తడి జుట్టుతో నా పక్కనే నిలబడి సంచులు వెతుకుతోంది.

చలి పెట్టె తెప్పించారు. మూత తీస్తే నిన్న ఎవరి శవానికో కొట్టిన సెంటు గుప్పుమంది. వెనక్కి పంపేశాను. అందుకే ఆమెను చాప మీద పడుకోబెట్టి, చుట్టూ ఐసు దిమ్మలు పెట్టాం. ఎండ పెరుగుతోంది, ఐసు నిలవడం లేదు. పుండు ఉండనే ఉంది. లోపల కూర్చున్న మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి బయటికి వస్తున్నారు. త్వరగా లేపాలని నా మీద పడుతున్నారు. నువ్వు వచ్చేదాకా లేపనివ్వను, పాడె కట్టే వెదుళ్ళ మీద నేనే కూర్చుంటాను.

కిటికీలు, తలుపులు అన్నీ తెరిచి ఉన్నాయి. నేనే లోపలికి పోయి ఆమె పక్కన వంగి, గుండెల నిండా పీల్చి చూసి వచ్చాను. మళ్ళీ పోయి మళ్ళీ చూశాను. ఇంట్లో ఇప్పుడు మీ అమ్మ వాసన తప్ప ఇంకేదీ లేదు.

రా.

సుకన్య